కాదన్నది ఎవరు

కాజాలు కుట్టేవాళ్లు రాకపోతే గుండీలు కుట్టేవాళ్లకు పని లేదు. చొక్కాలు తొడుక్కుని తిరిగే జనానికి ఈ సంగతి తెలియదు గానీ కుట్టేవాళ్లకు బాగా తెలుసు. ముందు కాజా తెగాలి. దాని అంచు చుట్టూ దారం బిగియాలి. అప్పుడు చొక్కా రెండు పక్కల్నీ ఒకదాని మీద ఒకటి పరిచి, కాజా మధ్యలోంచి సూది దించి చూస్తేనే గుండీ ఎక్కడ కూర్చోవాలో తేలుతుంది. ఆ అక్కచెల్లెళ్లిద్దరూ ఈ వరుసలోనే బతుకుతున్నారు. అక్క కాజాలు కుట్టి ఇటు విసురుతుంది, చెల్లెలు గుండీలు కుట్టి మడతపెడుతుంది. దర్జీ దుకాణాలవాళ్లకు పెద్దామె కాజాలక్క, చిన్నామె గుండీలమ్మ. వాళ్ల అసలు పేర్లు గుర్తున్నవాళ్లు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు.

ఆ మధ్యాహ్నం గుండీలమ్మ మూడో అంతస్తు బాల్కనీలో చాప పరిచి, చొక్కాల కట్ట విప్పి, దారానికి మైనం రుద్ది సిద్ధంగా కూర్చుంది. అక్క ఉండే గదిలో వెలుతురు తక్కువ. అందుకని పనంతా చెల్లెలి బాల్కనీలోనే. కొడుకూ కోడలూ ఆఫీసులకు వెళ్లిపోయాక ఇల్లు ఇద్దరిదే. పని సగం, కబుర్లు సగం.

అక్క గేటు దగ్గరికి రావడం పైనుంచి కనిపించింది. భుజాన సంచి, నెత్తిన గొడుగు. రోజూ అయితే గొడుగు మూస్తూనే గేటు దాటి, కిందనుంచి "గుండీ!" అని ఒక్క కేక వేసి మెట్లెక్కేది. లిఫ్టు ఎక్కమంటే ఒప్పుకోదు. "నా కాళ్లు నాకుండగా ఇనప గదిలో నిలబడటం ఎందుకే" అంటుంది. ఫోను సంగతీ అంతే. ఆమెకు ఫోనే లేదు. "అది మోగినప్పుడల్లా ఉలిక్కిపడి లేవడానికి నేనేమన్నా బడిపిల్లనా?" అంటుంది. గుండీలమ్మకు మాత్రం మీటలున్న చిన్న ఫోను ఒకటుంది. గుండీలమ్మకు బటన్ ఫోను కాక ఇంకేముంటుందని కొడుకు ఎగతాళి.

ఈవేళ అక్క గేటు దాటలేదు. స్తంభానికి కొత్తగా బిగించిన డబ్బా ముందు నిలబడింది. వాచ్‌మన్ ఆ డబ్బా మీద ఏదో నొక్కాడు. ఇద్దరూ దానివంక చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి డబ్బా ఏదో పలికింది. అక్క తల కొంచెం వెనక్కి తీసింది. వాచ్‌మన్ చేతులు తిప్పుతూ ఏదో చెప్పబోయాడు. అక్క విన్నట్టే తల ఊపి, సగం మూసిన గొడుగు మళ్లీ విప్పి, వచ్చిన దారినే తిరిగి వెళ్లిపోయింది.

"అక్కా! అక్కోయ్!"

రోడ్డు మీద లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. ఆ కేక అందులో కలిసిపోయింది. గుండీలమ్మ చెప్పులు వెతుక్కుని, మోకాళ్లు పట్టుకుని కిందికి దిగేసరికి అక్క మలుపు తిరిగిపోయింది.

"నేనేం చేసేదమ్మా!" అన్నాడు వాచ్‌మన్, అడగకముందే. "నాకు ఆమె తెలియదా? ఇదిగో, ఈ చొక్కా కాజాలు ఆమె కుట్టినవే. కానీ ఈ పొద్దుటి నుంచి గేటు నా చేతిలో లేదు. వచ్చినవాళ్ల పేరు, ఇంటి నంబరు ఇందులో కొట్టాలి. అది ఇంటివాళ్ల ఫోనుకి వెళ్తుంది. వాళ్లు ఊఁ అంటే గేటు తెరుచుకుంటుంది, ఊహూఁ అంటే లేదు. మీ ఇంటికి మీ కోడలుగారి ఫోను రాసుంది."

"అయితే?"

"అయితే ఏముందమ్మా, 'క్షమించండి, ఇంటివారు మీ రాకను నిరాకరించారు' అంది."

"నిరాకరించడమేంటి? ఇంట్లో నేనుంటే!"

"మీ చిన్న ఫోనుకి అది రాదమ్మా. ముందే మీరు దిగొచ్చి ఆమె పక్కన నిలబడుంటే డబ్బా అడిగేదే కాదు."

"అక్క ఏమంది?"

వాచ్‌మన్ తల గోక్కున్నాడు. "ఏం అనలేదమ్మా. 'సరే నాయనా, ఇంటివారికి నా నమస్కారాలు చెప్పు' అంది."

గుండీలమ్మ మలుపు వైపు చూసింది. అక్క తిడితే భయం లేదు, తిట్టడం ఆమెకు ఊపిరి తీసుకోవడంతో సమానం. నమస్కారాలు పెట్టిందంటేనే ప్రమాదం. ఎప్పుడో ఒక దర్జీ మాట తూలాడని ఆ దుకాణం ఉన్న వీధినే వదిలేసిన మనిషి. ఇప్పటికీ చుట్టు తిరిగి పోతుంది తప్ప ఆ వీధిలో అడుగు పెట్టదు. ఇప్పుడు ఈ గేటును కూడా ఆ వీధిలాగే వదిలేస్తే నా గతేంటి అనుకుంటూ గుండీలమ్మ మెట్లెక్కింది. వెంటనే పరుగెత్తి వెళ్లాలనే ఉంది. కానీ అప్పుడే వెంటపడితే అక్క ఇంకా బిగుసుకుంటుంది. ఆ కోపం ఒక పూట నానాలి.

*

సాయంత్రం కోడలు వంటింట్లో కూరగాయలు తరుగుతుండగా గుండీలమ్మ జరిగిందంతా చెప్పింది. చెప్పేటప్పుడు అంతగా లేదు గానీ, "ఇంటివారికి నమస్కారాలు చెప్పమందట" అనేసరికి మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

కోడలి చేతిలో కత్తి ఆగింది. "పెద్దత్తయ్యనా?" అంది. మళ్లీ తరగడం మొదలుపెట్టి, "అది... ఎవరూ ఏమీ నొక్కకపోతే దానంతటదే అలా అనేస్తుందేమో అత్తయ్యా" అంది.

"మిషన్ పనమ్మా అది. ఎవరి తప్పూ లేదు" అన్నాడు కొడుకు, సాక్సు విప్పుతూ. "పెద్దమ్మకి చెప్పు, దానికి మనుషులెవరో తెలియదని."

"తెలియనిదాన్ని గేటు దగ్గర ఎందుకు పెట్టార్రా?"

"భద్రత కోసం."

"ఎవరి నుంచి? మా అక్క నుంచా?"

కొడుకు రెండో సాక్సు కూడా విప్పి స్నానానికి పోయాడు. కోడలు ఆ రాత్రి కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది. అందరూ అలాగే తినేశారు.

*

మర్నాడు పొద్దున్నే గుండీలమ్మ చొక్కాలు సంచిలో వేసుకుని వంతెన అవతలికి వెళ్లింది. అక్కది పొడుగాటి మిద్దె ఇంట్లో చివరి గది. తలుపు ఎప్పటిలాగే బార్లా తెరిచి ఉంది. అక్క కింద కూర్చుని స్టవ్వు తుడుస్తోంది. తల ఎత్తి చూసింది.

"రండి" అంది. "కూర్చోండి. మంచినీళ్లు తీసుకుంటారా?"

పుట్టి బుద్ధెరిగాక అక్క నోట తనకు 'మీరు' అన్న మాట ఎన్నడూ రాలేదు. ఏమే, ఒసే, పిల్లా, గుండీ, మొద్దూ, ఇవే తెలుసు. గుండీలమ్మకు చెంపదెబ్బ తిన్నట్టయింది. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అక్కా, అలా మాట్లాడకే."

"ఎలా మాట్లాడాను? తప్పుగా ఏమన్నా అన్నానా? పెద్దింటివాళ్లు వచ్చారు, మర్యాద చెయ్యొద్దూ?"

"కాదన్నది ఎవరూ లేరక్కా. మిషన్ అలా అంటుందట, దానంతటదే."

"అలాగా" అంది అక్క. స్టవ్వు తుడవడం అయిపోయింది. అయినా తుడుస్తూనే ఉంది. "అయితే ఆ మిషన్ని వచ్చి ఒక మాట చెప్పమనండి. మేం వింటాం."

"అది ఎలా వస్తుందే?"

"రాదుగా. మరి నేనెవరితో పోట్లాడేది? ఆ వాచ్‌మన్ నాతో పాటే దిక్కులు చూస్తున్నాడు పాపం. నువ్... మీరేమో మూడో అంతస్తులో ఉన్నారు. ఎండలో నిలబెట్టి పొమ్మన్నారు, పొమ్మన్నవాళ్లు మాత్రం ఎవరూ లేరట! ఇంతకాలం ఎవరైనా నన్ను పొమ్మంటే ఎందుకు పొమ్మన్నావని అడిగి మరీ వచ్చాను. నిన్న అడుగుదామంటే ఎదురుగా ఒక మొహమే లేకపోయింది."

గుండీలమ్మ దగ్గరికెళ్లి పక్కన కూర్చుంది. అక్క కొంచెం జరిగింది. కానీ లేచి వెళ్లిపోలేదు.

ఏం చెయ్యాలో తోచక గుండీలమ్మ సంచిలోంచి ఒక చొక్కా తీసి ఒళ్లో పరిచింది. నిన్న సాయంత్రం అక్క లేని కోపంలో తనే కుట్టిన కాజాలున్న చొక్కా అది. అక్క కన్ను దానిమీద పడింది. మొహం తిప్పుకుంది. మళ్లీ చూసింది. ఆగలేకపోయింది.

"ఇవి ఎవరు కుట్టారండీ?"

"నేనే."

"చూస్తే తెలుస్తోంది లెండి." అక్క చొక్కా లాక్కుంది. కళ్లజోడు పెట్టుకుని కత్తెర మొనతో ఒక్కొక్క కుట్టూ ఎత్తి, తెంపి, దారం పీకసాగింది. "ముడి లోపలికి పడింది చూడండి. ముడి ఎప్పుడూ అంచు మీద నిలబడాలి. లేకపోతే నాలుగు ఉతుకులకి నోరు తెరుస్తుంది. ఎన్నేళ్లు నా పక్కన కూర్చున్నారు మీరు?"

"నీ పక్కన కూర్చుని నీ కబుర్లు విన్నానే తప్ప నీ కుట్టు ఎప్పుడు చూశానక్కా."

అక్క పెదవి ఒక మూల కదిలింది. నవ్వు వచ్చేసిందనే గుండీలమ్మ అనుకుంది. కానీ అక్క చొక్కా మడిచి తిరిగి ఇచ్చేసింది. కాజాలు విప్పింది గానీ కుట్టలేదు. "ఈ గదిలో నాకు కనబడదు. అక్కడికి నేను రాను. దర్జీకి చెప్పి ఇంకెవర్నైనా చూసుకోండి. వెళ్లిరండి, ఎండెక్కుతోంది."

తిరిగి వస్తుంటే వంతెన మీద గుండీలమ్మకు ఏడుపు ఆగలేదు. అక్క లేకుండా చొక్కాలు ఎలాగో నడుస్తాయి, దర్జీ దగ్గర కాజాల మిషన్ కూడా ఉంది. కానీ మధ్యాహ్నాలు ఎలా నడుస్తాయి?

*

తల్లి తిండి సరిగా తినడం లేదని కొడుక్కి తెలియడానికి ఇంకో పూట పట్టింది. తెలిశాక మాత్రం ఊరుకోలేదు. ఫోను తీసి, డబ్బాకు సంబంధించిన లెక్కాడొక్కా అంతా తిరగేశాడు. మర్నాటి సాయంత్రానికి ఒక కార్డు తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు.

"ఇదిగోమ్మా. పెద్దమ్మ దీన్ని డబ్బాకి చూపిస్తే చాలు. ఎవర్నీ అడగక్కర్లేదు, ఫోను కూడా అక్కర్లేదు. గేటు అదే తెరుచుకుంటుంది."

కార్డు మీద అక్క బొమ్మ ఉంది. ఏదో పెళ్లి ఫోటోలోంచి కత్తిరించింది కాబోలు, భుజం మీద వేరేవాళ్ల చెయ్యి కొంచెం మిగిలిపోయింది. గుండీలమ్మ మొహం విప్పారింది. బొమ్మ కింద ఉన్న అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

"పనివారు" అని ఉంది.

"ఇదేంట్రా?"

"అదా... రోజూ వచ్చేవాళ్లకి ఇచ్చే కార్డు అదొక్కటేనమ్మా. చుట్టాలైతే అతిథి కింద రాయాలి. అతిథి అంటే ప్రతిసారీ ఫోను చేసి అడుగుతుంది. ఫోను లేకుండా రోజూ రావాలంటే పనివారిలోనే పెట్టాలి. పేరుదేముంది? లోపలికి రావడం కావాలి గానీ."

గుండీలమ్మ కార్డును బల్లమీద బోర్లా పెట్టింది. ఆమె గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అప్పుడూ గట్టిగా మాట్లాడలేదు.

"నిన్ను ఎత్తుకు తిప్పిన మనిషిని పనిమనిషిగా రాసి ఇంట్లోకి తెచ్చుకుంటావా? అంతకంటే రాకపోవడమే నయం. ఇది మా అక్క కంట పడేలోపే నేను చచ్చిపోతాను."

"అమ్మా, నేనేదో మంచికని..."

"తెలుసురా. అందరూ మంచికే చేశారు. ఆ డబ్బా పెట్టినవాళ్లు కూడా మంచికే పెట్టుంటారు."

కోడలు అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడింది. వచ్చి అత్తగారి ముందు కింద కూర్చుంది.

"మిషన్ కాదత్తయ్యా" అంది. "నేనే."

"ఏంటి నువ్వే?"

"కాదని నొక్కింది నేనే. మీటింగులో ఉన్నాను. అందరి ముందూ నేను మాట్లాడుతున్నాను. ఫోను ఒకటే అదురుతోంది. చూస్తే ఇంగ్లీషు అక్షరాల్లో 'కాజా' అని ఉంది. ఏదో కంపెనీ పేరనుకున్నాను. నీళ్ల ఫిల్టర్లూ అవీ అమ్మేవాళ్లేమో అనుకుని నొక్కేశాను. నేను పెద్దత్తయ్యా అని పిలవడమే తప్ప, కాజా అని ఎప్పుడనుకున్నాను? ఆ రాత్రి మీరు చెప్తుంటే తెలిసింది. అప్పుడు చెప్పడానికి నోరు రాలేదు. మిషన్ మీద పెట్టేశాను."

గుండీలమ్మ కోడలి వంక చాలాసేపు చూసింది. కోపం వచ్చింది, నిజమే. కానీ ఈ రెండు రోజులూ ఉప్పు లేని కూరలు వండుతూ ఈ పిల్ల లోపల్లోపల ఎంత నలిగిందో కూడా కనబడింది. చెయ్యి చాచి కోడలి కళ్లు పైటకొంగుతో తుడిచింది.

"నాకెందుకు చెప్తావే పిచ్చిదానా? చెప్పాల్సింది నాకు కాదు."

"పెద్దత్తయ్య నన్ను చంపేస్తుంది."

"చంపితే చంపనీ. నేను పక్కనుంటాగా."

*

కోడలు మర్నాడు సగం రోజు సెలవు పెట్టింది. ఇద్దరూ వంతెన దాటి వెళ్లేసరికి అక్క గుమ్మంలో వెలుతురు పడేచోట ముక్కాలిపీట వేసుకుని బియ్యం ఏరుకుంటోంది.

"రండి, రండి" అంది. "ఈవేళ సకుటుంబంగా వచ్చారే."

కోడలు చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి, దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది. మీటింగు, ఫోను, ఇంగ్లీషు అక్షరాలు, నీళ్ల ఫిల్టర్లు. "చూడకుండా నొక్కేశాను పెద్దత్తయ్యా. ఎవరని అడగనైనా లేదు. తర్వాత అబద్ధం కూడా ఆడాను" అని ముగించి తలవంచుకుంది.

అక్క చేట పక్కన పెట్టింది.

"అంటే," అంది నెమ్మదిగా, "నన్ను పొమ్మన్నది మనిషేనన్నమాట."

"నేనే."

"నువ్వే."

"అవును పెద్దత్తయ్యా."

"అమ్మయ్య!" అంది అక్క. ఎంత గట్టిగా ఊపిరి వదిలిందంటే, చేటలోని పొట్టు ఎగిరింది. తర్వాత అందుకుంది.

"ఏమే, నీకు కళ్లా కాకరకాయలా? వీధికుక్కని తరిమేటప్పుడైనా ఒకసారి దాని మొహం చూస్తారే! కాజా అంటే ఎవరో తెలియదా? నీ మొగుడి ఒంటిమీదున్న ప్రతి చొక్కాకీ నేను కుట్టిన కాజాలే కదే, పొద్దున్నే వాటిలోంచే గుండీలు పెడతాడు కదే వాడు! నీళ్ల ఫిల్టర్ల కంపెనీలా కనబడ్డానా నీకు? పైగా మిషన్ అని చెప్తావా? మూడు రోజులుగా ఆ ఇనప డబ్బాని తలుచుకుని తిట్టుకుంటుంటే, తిట్టినవన్నీ గోడకి కొట్టిన బంతిలా నాకే తిరిగొస్తున్నాయే! మొదటిరోజే వచ్చి నేనేనని ఏడ్చుంటే, అప్పుడే తిట్టేసి, అప్పుడే నీ చేత మంచినీళ్లు తెప్పించుకుని తాగేదాన్ని కదే! నిద్రపట్టక చచ్చాను. నీ మూలాన ఇదిగో ఇది," అని చెల్లెల్ని చూపించింది, "ఇది ఎన్ని కిలోలు తగ్గిందో చూడు. ఏమే గుండీ, నువ్వేంటలా దిష్టిబొమ్మలా నిలబడ్డావు? కూర్చుని చావు!"

గుండీలమ్మ కూర్చుంది. ప్రాణం లేచొచ్చింది. కోడలు ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. రెండూ చేస్తోంది.

"ఏ వేలితో నొక్కావు?" అంది అక్క ఉన్నట్టుండి.

కోడలు కుడిచేతి బొటనవేలు చూపించింది. అక్క ఆ వేలు పట్టుకుని, వెలుతురులోకి తిప్పి, అటూ ఇటూ చూసింది. "మెత్తగా ఉంది" అంది. "పని తక్కువై ఇలాంటి పనులు చేస్తోంది."

చెల్లెలి సంచిలోంచి చొక్కా తీసింది. మొన్న తను కుట్లు విప్పిన చొక్కానే. సూదిలో దారం ఎక్కించి కోడలి చేతికిచ్చింది. "ఒక్క కాజా కుట్టు. నీ మొగుడు రోజూ ఎందులోంచి గుండీ పెడతాడో నీకూ తెలియాలి. కింద నుంచి గుచ్చు. ఆఁ, దారం సూది వెనక నుంచి తిప్పు. లాగు. బొటనవేలితో నొక్కిపెట్టు. నొక్కడం వచ్చుగా!"

కోడలు నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని కుట్టింది. ఒక కుట్టు పొడుగు, ఒక కుట్టు పొట్టి. ఒకచోట వేలికి గుచ్చుకుంది, "అబ్బా" అంది. అక్క చూస్తూ ఊరుకుంది. అంత వంకర కాజా ఆమె చేతుల్లోకి ఎన్నడూ వచ్చి ఉండదు. గుండీలమ్మ అక్క చేతినే చూస్తోంది, కత్తెర ఎప్పుడు అందుకుంటుందా అని. అక్క కత్తెర ముట్టుకోలేదు.

అప్పుడే కోడలి సంచిలో ఫోను అదరడం మొదలైంది. కోడలు ఉలిక్కిపడి అక్క మొహం చూసింది. ఫోను ఆగలేదు. కోడలు సంచి నోరు గట్టిగా మూసేసి, మళ్లీ సూది మీదికి వంగింది.

"అదేంటి, తియ్యవేం?"

"ఏం లేదు పెద్దత్తయ్యా. గేటు దగ్గర ఎవరో వచ్చుంటారు. తర్వాత చూస్తాను."

"తర్వాత చూడ్డమేంటే! ఎవరో పాపం ఎండలో నిలబడుంటారు. సూది పక్కన పెట్టు. ముందు అది చూడు."

కోడలు ఫోను తీసింది. తెర మీద ఏదో పేరుంది. వేలు దాని దాకా వెళ్లి ఆగింది. ఏమీ నొక్కలేదు. వాచ్‌మన్‌కే ఫోను కలిపింది.

"అన్నా, ఎవరు వచ్చారు? ... అలా కాదు, ఎలా ఉంటారు? ఏం పని మీద వచ్చారు?" కాసేపు విని, ఫోను చేత్తో మూసి అక్క వైపు తిరిగింది. "కుళాయి బాగుచేసే ఆయనట. చిరునామా దొరక్క ఎండలో చాలాసేపు తిరిగాడట."

"చూశావా? లోపలికి రమ్మను. నీడలో కూర్చోబెట్టి మంచినీళ్లిమ్మను" అంది అక్క, ముక్కాలిపీట పక్కకు నెట్టి గోడకున్న గొడుగు అందుకుంటూ. "కాసేపు ఓపిక పట్టమను. మనం వచ్చేస్తున్నామని చెప్పు."

కోడలు ఫోన్లో ఆ మాటే చెప్పి, అప్పుడు తెర మీద సరేనని నొక్కింది. 'మనం' అన్న మాట ఎక్కడ వెనక్కి పోతుందోనని, గుండీలమ్మ గబగబా చొక్కాలన్నీ సంచిలోకి సర్దేసింది.